దూరాల లైబ్రరీ ప్రాజెక్టు డైరీ: దగ్గరి జత నుంచి ఫ్రెషే దూరం దాకా

పరిధి, పద్ధతి

సమతలంలో ఉన్న బిందువుల మీద నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చే చిన్న లైబ్రరీని సీ ప్లస్ ప్లస్‌లో కడుతున్నాం. అన్నిటికంటే దగ్గరగా ఉన్న జత ఏది? అన్నిటికంటే దూరంగా ఉన్న జత ఏది (సమూహపు వ్యాసం అంటే ఇదే)? రెండు బిందు సమూహాల మధ్య హౌస్‌డార్ఫ్ దూరం (ఒకదానిలోని బిందువు రెండోదానికి గరిష్ఠంగా ఎంత ఎడంలో ఉందో చెప్పే కొలత) ఎంత? రెండు దారుల మధ్య ఫ్రెషే దూరం (ఇద్దరు చెరో దారిలో వెనక్కి తిరగకుండా నడిస్తే, వాళ్లను కలిపే తాడుకు కావాల్సిన కనీస పొడవు) ఎంత? ప్రతి జతనూ కొలిచే రెండు లూపులు రాస్తే నాలుగింటికీ ఏదో ఒక జవాబు వస్తుంది. కానీ పది లక్షల బిందువులకు జతలు దాదాపు 5 × 10¹¹. సెకనుకు వంద కోట్ల దూరాలు కొలిచినా ఎనిమిది నిమిషాలు దాటుతుంది.

ప్రతి ఫంక్షన్‌కూ రెండు పరీక్షలు పెట్టాం. ఒకటి అందరూ పెట్టేదే: బ్రూట్ ఫోర్స్ (అన్ని అవకాశాలనూ నేరుగా ప్రయత్నించే పద్ధతి) జవాబుతో పోల్చడం. రెండోది, లోపల ఎన్నిసార్లు దూరం కొలిచిందో లెక్కపెట్టే కౌంటర్. అది సిద్ధాంతం చెప్పిన హద్దు దాటితే, జవాబు సరైనదైనా పరీక్ష ఓడినట్టే. దూరాల అల్గారిథంలలో సగం తప్పులు జవాబును చెడగొట్టవు, వేగాన్ని మాత్రమే మింగేస్తాయి. కౌంటర్ లేకపోతే అవి ఏళ్ల తరబడి కోడ్‌లో ఉండిపోతాయి. గడియారంతో కొలిచే కాలం యంత్రాన్ని బట్టి మారుతుంది, కౌంటర్ మారదు.

పునాది: అంకెల రకం

నిరూపకాలన్నీ పూర్ణాంకాలు, −10⁹ నుంచి 10⁹ వరకు. ఈ హద్దును ఊరికే ఎంచుకోలేదు. రెండు బిందువుల మధ్య ఒక అక్షం మీద తేడా గరిష్ఠంగా 2 × 10⁹, దాని వర్గం 4 × 10¹⁸, రెండు అక్షాలూ కలిపితే 8 × 10¹⁸. గుర్తున్న 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ సుమారు 9.22 × 10¹⁸. అంటే దూరపు వర్గం సరిగ్గా ఇముడుతుంది. రెండు తేడాల క్రాస్ ప్రొడక్ట్ (మలుపు ఎడమకో కుడికో చెప్పే లబ్ధం) కూడా ఇదే హద్దులో ఉంటుంది. హద్దును 2 × 10⁹కి పెంచితే రెండూ ఓవర్‌ఫ్లో అవుతాయి (64 బిట్లలో పట్టవు), అప్పుడు 128 బిట్లు తప్పవు.

లోపలి పోలికలన్నీ దూరపు వర్గాల మీదే. వర్గమూలం తీసేది జవాబు చేతికిచ్చేటప్పుడు, ఒక్కసారి.

ఇన్‌పుట్ దశాంశాల్లో వస్తే ముందు పూర్ణాంకాల్లోకి మార్చాలి, మీటర్లయితే మిల్లీమీటర్లుగా. 32 బిట్ల ఫ్లోట్ అనే దశాంశ రకాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అందులో కచ్చితత్వం 24 బిట్లే కాబట్టి, నిరూపకం 41,94,304 దాటగానే పక్కపక్క విలువల మధ్య ఎడం 0.5 అవుతుంది. మీటర్లలో ఉన్న సర్వే నిరూపకాలు సులభంగా ఆ స్థాయికి చేరతాయి. అప్పుడు 20 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు బిందువులు ఒకే బిందువై, దగ్గరి దూరం సున్నా అని వస్తుంది.

డబుల్ (64 బిట్ల దశాంశ రకం) వాడినా ఒక ఉచ్చు ఉంది. మాట్రిక్స్ గుణకారంతో వేగంగా చేయడానికి, తేడాల వర్గానికి బదులు "మొదటిదాని వర్గం, రెండోదాని వర్గం కలిపి, లబ్ధానికి రెట్టింపు తీసేయడం" అనే విస్తరణ వాడతారు. నిరూపకాలు 10⁷ దగ్గర ఉంటే వర్గాలు 10¹⁴. ఆ స్థాయిలో డబుల్‌లో పక్కపక్క విలువల ఎడం 0.015625. పది సెంటీమీటర్ల దూరపు వర్గం 0.01 మాత్రమే. అది ఎడం కంటే చిన్నది కాబట్టి కనబడకుండా పోతుంది, ఒక్కోసారి రుణ సంఖ్యగా కూడా తేలుతుంది. ముందు తేడా, తర్వాతే వర్గం. ఈ వరుస మార్చకూడదు.

దశ 1: దగ్గరి జత, విభజించి సాధించడం

స్థితి: పూర్తయింది, రెండు పరీక్షలూ నెగ్గింది.

షామోస్, హోయ్ 1975లో ఇచ్చిన పద్ధతి ఇది. బిందువులను ఎక్స్ ప్రకారం ఒక్కసారి వరుసపెట్టి, సగానికి చీల్చి, రెండు సగాల్లోనూ దగ్గరి దూరం కనుక్కుంటాం. వాటిలో చిన్నది డెల్టా. ఇక మిగిలేవి నడిమి గీతకు అటూ ఇటూ డెల్టా లోపల ఉన్న పట్టీలోని బిందువులే. వాటిని వై ప్రకారం చూస్తూ, ఒక్కో బిందువును దాని తర్వాతివాటితో, వై తేడా డెల్టాకు చేరేదాకా పోల్చాలి. డెల్టా ఎత్తు, రెండు డెల్టాల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రంలో, ఒకే సగానికి చెందిన బిందువులు ఒకదానికొకటి డెల్టాకు తగ్గని ఎడంలో ఉండాలి కనుక, మొత్తం ఎనిమిదికి మించి పట్టవు. అంటే ఒక్కో బిందువుకు ఏడు పోలికలు చాలు.

అమలులో నాలుగు చోట్ల జారుతుంది.

నడిమి గీత ఎక్స్ విలువను రికర్షన్‌కు (సగాల మీద అదే ఫంక్షన్‌ను పిలవడానికి) ముందే వేరే చరరాశిలో దాచుకోవాలి. రెండు సగాలూ తిరిగొచ్చేసరికి అవి వై వరుసలోకి మారిపోయి ఉంటాయి. అప్పుడు మధ్య స్థానంలో ఉన్న బిందువు ఎక్స్ చదివితే అది ఏదో ఒక బిందువుది అవుతుంది, పట్టీ తప్పుచోట పడుతుంది. ఇది జవాబును చెడగొట్టే తప్పు, అదీ అప్పుడప్పుడే, కాబట్టి పట్టుకోవడం కష్టం.

మూడు లేక అంతకంటే తక్కువ బిందువులున్న అడుగు స్థాయిలో నేరుగా కొలిచాక, వాటిని వై ప్రకారం వరుసపెట్టడం మరవకూడదు. మరిస్తే పైస్థాయి మెర్జ్‌లన్నీ (రెండు వరుసలను ఒకటిగా కలపడాలు) వరుస తప్పుతాయి. పట్టీలో లూపు "ఇక చాలు" అనుకుని ముందే ఆగిపోతుంది.

ప్రతి స్థాయిలోనూ పట్టీని మళ్లీ వై ప్రకారం సార్ట్ చేస్తే జవాబు సరైనదే. కానీ ఖర్చు ఎన్ లాగ్ ఎన్ (ఎన్ అంటే బిందువుల సంఖ్య) నుంచి ఎన్ లాగ్ స్క్వేర్ ఎన్‌కు పెరుగుతుంది. మొదట్లోనే ఎన్ పొడవున్న ఒక్క బఫర్ కేటాయించి, అన్ని స్థాయిల్లోనూ దాన్నే వాడి మెర్జ్ చేయడం మేలు. దూరాల కౌంటర్ ఈ తేడాను చూపదు, అందుకని వై పోలికలకు విడిగా రెండో కౌంటర్ ఉంది.

నాలుగోది ఒక్క సమాన గుర్తు. పట్టీ షరతుల్లో "డెల్టా కంటే తక్కువ" అని ఉండాలి, "తక్కువ లేక సమానం" అనకూడదు. అన్ని బిందువులూ ఒకే చోట ఉన్న ఇన్‌పుట్ తీసుకోండి. డెల్టా సున్నా. సమాన గుర్తు ఉంటే అన్ని బిందువులూ పట్టీలోకి వస్తాయి, లోపలి లూపు ఎక్కడా ఆగదు, కొలతల సంఖ్య ఎన్ వర్గం స్థాయికి వెళ్తుంది. జవాబు సున్నా, అది సరైనదే. కౌంటర్ పరీక్ష లేకపోతే ఈ తప్పు కంటపడదు.

కౌంటర్‌కు మేం గీసిన గీత: ఎన్ బిందువులకు 8 × ఎన్ × లాగ్ ఎన్. ఏడు పోలికలు, ఆగడానికి ఒకటి. ఎక్స్ అంతా ఒకటే అయిన నిలువు వరుసలో కూడా ఇది దాటకూడదు. నిలువు వరుసలో ప్రతి స్థాయిలోనూ పట్టీ అంటే మొత్తం సమూహమే, కాబట్టి వై మీద ఆగే షరతు నిజంగా పనిచేస్తోందో లేదో అక్కడే తేలుతుంది.

దశ 2: దగ్గరి జత, గ్రిడ్‌తో

స్థితి: పూర్తయింది. లైబ్రరీలో డిఫాల్ట్ ఇదే.

దూరాల పోలికల మీద మాత్రమే ఆధారపడితే ఎన్ లాగ్ ఎన్ కంటే తగ్గించలేం. ఫ్లోర్ చర్య (కింది పూర్ణాంకానికి దించడం), హ్యాష్ టేబుల్ (గుర్తింపు సంఖ్య ఇస్తే విలువ వెంటనే దొరికే పట్టిక), యాదృచ్ఛికత అనుమతిస్తే సగటున ఎన్‌కు అనులోమంగా దిగుతుంది. 1976లో రాబిన్ ఈ దారి తెరిచాడు. మేం రాసింది ఇంకా తేలికైన రూపం: బిందువులను కలగాపులగం చేసి ఒక్కొక్కటే చేర్చడం.

ఇప్పటిదాకా వచ్చిన దగ్గరి దూరం డెల్టా అయితే, డెల్టా భుజం ఉన్న గడులుగా సమతలాన్ని చీలుస్తాం. కొత్త బిందువు వచ్చినప్పుడు దాని గడి, చుట్టూ ఉన్న ఎనిమిది గడులు చూస్తే చాలు. ఒక్కో గడిలో నాలుగుకు మించి బిందువులు ఉండవు కాబట్టి గరిష్ఠంగా 36 కొలతలు. డెల్టా తగ్గితే గ్రిడ్‌ను కొత్త భుజంతో మొదటినుంచి కట్టాలి. ఐ-వ బిందువు వల్ల డెల్టా తగ్గే సంభావ్యత 2/ఐ మించదు, కట్టే ఖర్చు ఐ. రెండూ గుణిస్తే ఒక్కో అడుగుకు సగటున 2. మొత్తం చేర్పులు సగటున 3 ఎన్ లోపే.

ఈ లెక్క అంతా కలగాపులగం చేయడం మీదే నిలబడి ఉంది. దాన్ని తీసేస్తే ఏమవుతుందో చూడడానికి ఒక ఇన్‌పుట్ తయారుచేశాం: ఒకే గీత మీద బిందువులు, వాటి మధ్య ఎడాలు వరుసగా 40,000, 39,999, 39,998 అంటూ 1 వరకు. మొత్తం పొడవు 80,00,20,000, మన హద్దులోనే ఉంది. దీన్ని అదే వరుసలో ఇస్తే ప్రతి కొత్త బిందువూ డెల్టాను తగ్గిస్తుంది, ప్రతిసారీ గ్రిడ్ మళ్లీ కట్టాలి. చేర్పులు 80 కోట్లకు చేరతాయి. కలగాపులగం చేసి ఇస్తే గ్రిడ్ మళ్లీ కట్టాల్సిన సందర్భాలు సగటున 20 లోపే. రెండు సందర్భాల్లోనూ జవాబు 1. వేర్వేరు సీడ్‌లతో (కలగాపులగాన్ని నిర్ణయించే తొలి సంఖ్యలతో) నడిపి సగటు చూడాలి. ఒక్క పరుగులో ఆఖరి బిందువుల వల్ల గ్రిడ్ మళ్లీ కట్టాల్సి వస్తే సంఖ్య పెరగడం సహజం.

గడి భుజం: దూరపు వర్గానికి వర్గమూలం తీసి పైపూర్ణాంకానికి పెంచాలి. 2⁵³ దాటిన పూర్ణాంకాన్ని డబుల్‌లోకి మారిస్తే చివరి అంకెలు పోతాయి. అందుకని వచ్చిన మూలాన్ని పూర్ణాంక వర్గంతో సరిచూసి, అవసరమైతే ఒకటి కలపడమో తీసేయడమో చేయాలి. డెల్టా సున్నా అయితే అక్కడే ఆగి జవాబివ్వాలి, లేకపోతే సున్నాతో భాగహారం.

గడి తాళం (హ్యాష్ టేబుల్‌లో గడిని గుర్తించే సంఖ్య) కట్టడంలో ఒక చిక్కు. రెండు అక్షాల గడి సంఖ్యలను ఒకే 64 బిట్ల తాళంగా కలిపేటప్పుడు, ఎక్స్‌ను 32 బిట్లు ఎడమకు జరిపి వైని కింద చేరుస్తాం. వై రుణ సంఖ్య అయి 64 బిట్లలో ఉంటే దాని పైసగమంతా ఒకట్లే. అలాగే చేరిస్తే ఎక్స్ పూర్తిగా చెరిగిపోతుంది. ఫలితంగా ఒక అడ్డు వరుసలోని గడులన్నీ ఒకే గడి అయిపోతాయి. వేల బిందువులు ఒకే చోట పోగుపడతాయి. జవాబు మాత్రం మారదు, ఎందుకంటే దూరాన్ని చివరికి నిజంగానే కొలుస్తున్నాం. వైని ముందు గుర్తులేని 32 బిట్లకు కుదించి, ఆ తర్వాతే కలపాలి.

భాగహారం సంగతి కూడా చెప్పాలి. సీ ప్లస్ ప్లస్‌లో పూర్ణాంక భాగహారం సున్నా వైపుకు కత్తిరిస్తుంది, కాబట్టి సున్నాకు అటూ ఇటూ ఉన్న గడులు కలిసిపోతాయి, మూలబిందువు దగ్గరి గడికి నాలుగు రెట్ల విస్తీర్ణం వస్తుంది. జవాబు సరిగ్గానే ఉంటుంది కానీ 36 హద్దు చెల్లదు. రుణ సంఖ్యలకు ఫ్లోర్ విడిగా రాయడం మేలు.

హ్యాష్ ఫంక్షన్ విషయంలో, జీసీసీ వెంట వచ్చే ప్రామాణిక లైబ్రరీ పూర్ణాంకానికి ఆ పూర్ణాంకాన్నే హ్యాష్‌గా ఇస్తుంది. గడి తాళాల్లో క్రమం ఎక్కువ కనుక ఇది ప్రమాదకరం. స్ప్లిట్‌మిక్స్ లాంటి బిట్లు కలిపే చర్య ఒకటి ముందు పెట్టాలి.

దశ 3: వ్యాసం

స్థితి: పూర్తయింది. ఎక్కువ శ్రమ పరీక్షల తయారీకే పోయింది.

అతి దూరపు జత ఎప్పుడూ కాన్వెక్స్ హల్ (బిందువులన్నిటినీ చుట్టే అతి చిన్న కుంభాకార బహుభుజి) శీర్షాల మధ్యే ఉంటుంది. ఆండ్రూ 1979లో ఇచ్చిన మోనోటోన్ చెయిన్‌తో హల్ కడతాం. క్రాస్ ప్రొడక్ట్ సున్నా అయినా శీర్షాన్ని తీసేస్తాం, అప్పుడు ఒకే గీతలో మూడు శీర్షాలు మిగలవు. ఆ మీద రొటేటింగ్ కాలిపర్స్: హల్ చుట్టూ తిరుగుతూ ఎదురెదురు శీర్షాల జతలను కొలవడం. పద్ధతి షామోస్ 1978 నాటి సిద్ధాంత వ్యాసంలోది, పేరు టౌసాంట్ పెట్టినది.

ఇక్కడ చాలామంది రాసే తప్పు ఒకటుంది. ఒక శీర్షం నుంచి ఎదుటి చూపుడును (ఎదుటి శీర్షాన్ని చూపే సూచికను) "దూరం పెరుగుతున్నంత సేపు" జరపడం. కుంభాకార బహుభుజి చుట్టూ నడుస్తుంటే ఒక శీర్షం నుంచి దూరం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుందని ఇందులో దాగిన ఊహ. అది నిజం కాదు. (0, 0), (8, −6), (9, 0), (8, 6) అనే నాలుగు శీర్షాలు చాలు: మొదటిదాని నుంచి దూరపు వర్గాలు 100, 81, 100. చూపుడు మొదటి 100 దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి శిఖరాలు ఒక శీర్షానికి చాలా ఉండవచ్చని అవిస్, టౌసాంట్, భట్టాచార్య 1982లోనే చూపించారు. ఈ నాలుగు బిందువుల ఉదాహరణలో వ్యాసపు వర్గం 144, అది (8, −6) వంతు వచ్చినప్పుడు ఎలాగూ దొరికిపోతుంది. అందుకే చిన్న పరీక్షలు నెగ్గిన ఈ కోడ్ ఎందరి చేతుల్లోనో తిరుగుతోంది.

సరైన షరతు దూరం మీద కాదు, దిశ మీద. ప్రస్తుత భుజానికీ ఎదుటి చూపుడు ముందున్న భుజానికీ క్రాస్ ప్రొడక్ట్ ధనాత్మకం అయినంత సేపు చూపుడును జరపాలి. దూరాన్ని ప్రతి అడుగులోనూ, జరపడానికి ముందే కొలవాలి. చూపుడు పూర్తిగా ఆగాక ఒక్కసారి కొలిస్తే, మధ్యలో దాటిపోయిన శీర్షాలతో ఏర్పడే జతలు తప్పిపోతాయి. ఒక శీర్షానికి ఎదుటివి ఒకటే కాదు, పాత ఆగిన చోటు నుంచి కొత్త ఆగే చోటు వరకు అన్నీ ఎదుటివే. భుజాలు సమాంతరమై క్రాస్ ప్రొడక్ట్ సున్నా అయినప్పుడు ఆగిపోయినా నష్టం లేదు. తర్వాతి శీర్షం అదే చూపుడుతో మొదలై రెండో కర్ణాన్ని కొలుస్తుంది. హల్‌లో హెచ్ శీర్షాలుంటే కొలతలు 3 హెచ్ దాటకూడదు. ఇదే కౌంటర్ గీత.

పరీక్షల్లో అసలు సమస్య వేరు. చతురస్రంలో యాదృచ్ఛికంగా చల్లిన పది లక్షల బిందువులకు హల్‌లో ఉండేవి సగటున 40 లోపే. రెన్యీ, సులాంకే 1963లోనే ఈ పెరుగుదల లాగరిథం స్థాయిదని తేల్చారు. అంటే ఎంత పెద్ద యాదృచ్ఛిక పరీక్ష పెట్టినా కాలిపర్స్ భాగానికి దొరికే పని చాలా స్వల్పం. హల్ పెద్దదిగా ఉండే ఇన్‌పుట్‌లను చేత్తో కట్టాలి. సులభమైనది పారబోలా: ఎక్స్ −31,622 నుంచి 31,622 వరకు, వై దాని వర్గం. 63,245 బిందువులు, అన్నీ హల్ మీదే, అన్నీ 10⁹ హద్దులోనే. ఇంకా కఠినమైనది: ఉమ్మడి కారణాంకం లేని పూర్ణాంక జతలను సదిశలుగా తీసుకుని, కోణం ప్రకారం పేర్చి, ఒకదాని కొసకు ఒకటి అతికించడం. దాదాపు గుండ్రని బహుభుజి వస్తుంది, ప్రతి భుజానికీ సమాంతర భుజం ఉంటుంది, దూరాలన్నీ దరిదాపుగా ఒకటే. దూరం మీద ఆగే కోడ్‌కు అసలైన గండం ఇక్కడే.

దశ 4: హౌస్‌డార్ఫ్ దూరం

స్థితి: బిందు సమూహాలకు పూర్తయింది, బహుభుజులకు జరుగుతోంది.

మొదటి సమూహంలోని ప్రతి బిందువుకూ రెండోదానిలో దగ్గరిది ఎంత దూరమో చూసి, వాటిలో పెద్దది తీసుకోవాలి. దిశ మారితే విలువ మారుతుంది, అందుకని రెండు దిశలూ లెక్కగట్టి పెద్దది ఇవ్వాలి.

ముందుగా ఆగే పద్ధతి తేలిక: ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠం కంటే దగ్గరి బిందువు ఒకటి కనబడగానే లోపలి లూపు వదిలేయడం. రెండు సమూహాలనూ ముందు కలగాపులగం చేయాలి. దీని బలహీనత సమూహాలు దాదాపు ఒకటే అయినప్పుడు బయటపడుతుంది. గరిష్ఠం చాలా చిన్నదిగా ఉంటుంది, అంతకంటే దగ్గరిది దొరకడానికి సగం సమూహం వెతకాలి. రెండూ అచ్చంగా ఒకటే అయితే గరిష్ఠం సున్నా దగ్గరే ఉంటుంది. ఇక్కడ దశ 1కి తలకిందులు: "తక్కువ లేక సమానం" ఉండాలి. సమాన గుర్తు లేకపోతే లూపు ఒక్కసారీ ఆగదు, ప్రతి జతనూ కొలుస్తుంది.

అందుకని రెండో సమూహం మీద బెంట్లీ 1975లో చెప్పిన కే-డీ చెట్టు (అక్షాలను మార్చుకుంటూ బిందువులను సగాలుగా చీల్చే అమరిక) కట్టి, అందులోనూ అదే ముందాగే షరతు పెట్టాం. చీలిక విలువ ప్రకారం కాకుండా స్థానం ప్రకారం ఉండాలి. విలువను బట్టి "తక్కువవి ఎడమకు, మిగతావి కుడికి" అంటే, నకలు బిందువులన్నీ ఒకే వైపుకు వెళ్లి రికర్షన్ ఆగదు. ఆకు (ఇక చీల్చని కొస) దగ్గర 8 నుంచి 16 బిందువులు ఉంచి నేరుగా కొలవడం ఒక్కొక్కటిగా చీల్చడం కంటే వేగం. వెతికేటప్పుడు దగ్గరి కొమ్మ ముందు. దూరపు కొమ్మలోకి, చీలిక గీతకు ఉన్న దూరపు వర్గం ప్రస్తుత కనిష్ఠం కంటే తక్కువైతేనే. ఈ షరతు రాయడం మరిచినా జవాబు సరిగ్గానే వస్తుంది, చెట్టంతా తిరిగి.

బహుభుజుల దగ్గర శీర్షాలు చాలవు. (0, 0) నుంచి (10, 0) దాకా ఒక రేఖాఖండం, రెండో వైపు ఆ రెండు కొసబిందువులే అనుకోండి. శీర్షాలు మాత్రమే చూస్తే దూరం 0, నిజంగా 5. గరిష్ఠం భుజం నడుమ పడింది. ప్రస్తుతానికి మొదటి బహుభుజి భుజాల మీద సమాన ఎడంలో బిందువులు పరిచి, రెండోదాని భుజాలకు కచ్చితమైన దూరం కొలుస్తున్నాం. దగ్గరి దూరం అనే ప్రమేయం, బిందువు జరిగినంత కంటే ఎక్కువ మారదు. కాబట్టి ఎడం 2 మిల్లీమీటర్లయితే దోషం 1 మిల్లీమీటరు మించదు. కచ్చితమైన జవాబుకు వొరొనోయి చిత్రం (ఏ చోటుకు ఏది దగ్గరో చూపే విభజన) కావాలి, అది ఇంకా మొదలుకాలేదు.

దశ 5: విడి ఫ్రెషే దూరం

స్థితి: పనిచేస్తోంది. కొలతలు ఎప్పుడూ రెండు పొడవుల లబ్ధమే కాబట్టి ఇక్కడ కౌంటర్ గీత అవసరం లేదు.

విడి అంటే దారుల మీది బిందువులను మాత్రమే చూడడం. ఐటర్, మన్నిలా 1994లో ఇచ్చిన పట్టిక పద్ధతి: అడ్డు వరుసలు ఒక దారి బిందువులు, నిలువు వరుసలు రెండో దారివి. ఒక్కో గడిలో: మూడు పొరుగు గడుల్లో (ఎడమ, పైన, ఎడమ పై మూల) చిన్నది తీసుకుని, ఈ రెండు బిందువుల దూరంతో పోల్చి పెద్దది రాయాలి. గరిష్ఠాలు, కనిష్ఠాలు మాత్రమే కాబట్టి ఇక్కడా దూరపు వర్గాలే చాలు. రికర్షన్‌తో రాస్తే పొడవైన దారులకు స్టాక్ పొంగుతుంది. పూర్తి పట్టిక పెడితే 10,000 బిందువుల రెండు దారులకు 80 కోట్ల బైట్లు. ఒక అడుగుకు పై వరుస మాత్రమే కావాలి కాబట్టి రెండు వరుసలు పెట్టాం: 1,60,000 బైట్లు.

కాలం మాత్రం రెండు పొడవుల లబ్ధమే. దీన్ని గణనీయంగా తగ్గించడానికి ప్రయత్నించడం లేదు. బలమైన ఎక్స్‌పొనెన్షియల్ టైమ్ హైపోథిసిస్ (ఒక ప్రసిద్ధ తర్క సమస్యకు, అన్ని అవకాశాలనూ వెతకడం కంటే చెప్పుకోదగ్గ వేగమైన దారి లేదనే ఊహ) నిజమైతే, వర్గం కంటే స్పష్టంగా తక్కువ ఘాతంలో ఇది సాధ్యం కాదని బ్రింగ్‌మన్ 2014లో నిరూపించాడు. బదులుగా "ఫ్రెషే దూరం ఇంతకంటే తక్కువేనా?" అనే ప్రశ్నకు విడిగా ఫంక్షన్ పెట్టాం. మొదటి బిందువుల దూరం, చివరి బిందువుల దూరం, రెండు దిశల హౌస్‌డార్ఫ్ దూరం, వీటిలో ఏది అడిగిన హద్దుకు చేరినా పట్టిక ముట్టకుండానే "కాదు" అని చెప్పేయవచ్చు, ఎందుకంటే ఫ్రెషే దూరం వీటిలో దేనికంటేనూ తక్కువ కాలేదు. వేల దారుల్లో వెతికేటప్పుడు ఈ మూడు చూపులే ఎక్కువ దారులను తోసిపుచ్చుతాయి.

అన్ని దశలకూ ఉమ్మడి పరీక్ష అమరిక

బ్రూట్ ఫోర్స్‌తో పోలికకు నిరూపకాలను 0 నుంచి 10 మధ్యే తీసుకుని, 2 నుంచి 12 బిందువులు ఇస్తున్నాం. రెండు వందల కోట్ల వెడల్పులో చల్లిన కొద్దిపాటి బిందువుల్లో నకళ్లు, ఒకే గీత మీద పడే త్రయాలు, సమాన దూరాలు దాదాపుగా రావు. చిన్న పెట్టెలో అవి తరచుగా వస్తాయి. పోల్చేది దూరాన్నే, జత సూచికలను కాదు. సమాన దూరాలున్నప్పుడు రెండు సరైన అల్గారిథంలు వేర్వేరు జతలను ఇవ్వవచ్చు. ఇచ్చిన జత మధ్య దూరం నిజంగా ఆ విలువేనా అని మాత్రం విడిగా సరిచూడాలి.

కౌంటర్ పరీక్షలకు పెద్ద ఇన్‌పుట్‌లు ఆరు రకాలు: యాదృచ్ఛికం, అన్నీ ఒకే బిందువు, నిలువు వరుస, తగ్గే ఎడాల గీత, పారబోలా, గుండ్రని బహుభుజి. ప్రతిదాన్నీ మూలబిందువు మధ్యలో పడేలా ఒకసారి, హద్దు మూలకు జరిపి ఇంకోసారి నడపాలి. రుణ సంఖ్యల తప్పులు మొదటిదానిలో, ఓవర్‌ఫ్లోలు రెండోదానిలో దొరుకుతాయి. ఓవర్‌ఫ్లో కోసం కంపైలర్‌లో గుర్తున్న పూర్ణాంకాల శానిటైజర్ (కోడ్ నడిచేటప్పుడు తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసి ఉంచాలి.

తర్వాతి పని: భుజాల వొరొనోయి, దానితో బహుభుజుల కచ్చితమైన హౌస్‌డార్ఫ్. అక్కడ సమద్విఖండన రేఖల కలయికలు పూర్ణాంకాలు కావు, 64 బిట్ల హద్దు సరిపోదు. ముందుగా ఆ ప్రెడికేట్లకు (అవును, కాదు అని తేల్చే జ్యామితి పరీక్షలకు) ఎన్ని బిట్లు కావాలో కాగితం మీద తేల్చాకే కోడ్ మొదలవుతుంది.